ఊడిన పుటలు, విరిగిన అక్షరములు: రాయచూరు మండల శిలాలేఖల విలువ

కృష్ణా తుంగభద్రా నదుల నడుమ నున్న రాయచూరు అంతర్వేది పేరు వినగానే తెలుగువారికి కృష్ణదేవరాయలు 1520లో సాగించిన యుద్ధము జ్ఞప్తికి వచ్చుట సహజము. ఆ యుద్ధమునకు పదునెనిమిది శతాబ్దముల పూర్వమే ఆ నేల చరిత్రకెక్కినది. లింగసుగూరునుండి సింధనూరునకు పోవు త్రోవలో మస్కి యను ఊరు గలదు. ఆ ఊరి కొండ ప్రక్కన ఒక గుండుమీద ఎనిమిది పంక్తుల బ్రాహ్మీలేఖ యున్నది. 1915 జనవరిలో సి. బీడన్ అను బంగారు గనుల ఇంజనీరు దానిని చూచెను. రాయచూరు సీమ నాడు నిజాము రాజ్యములోనిది. హైదరాబాదు పురావస్తుశాఖ స్థాపింపబడి యప్పటికి ఒక్క యేడు గడచినది. ప్రభుత్వ శాసన పరిశోధకులైన హోసకోటె కృష్ణశాస్త్రిగారు ఆ లేఖను చదివి పరిష్కరింపగా, ఆ శాఖ తన గ్రంథమాలలో మొదటి పుస్తకముగా దానినే ఆ సంవత్సరమే ప్రకటించినది.

ఆ లేఖ సంపూర్ణము కాదు. ఆరంభపు పంక్తులలో శిల పెచ్చులూడినది. కొన్ని అక్షరములు అరిగినవి, కొన్నిచోట్ల మాటలే పోయినవి. అచ్చుప్రతిలో చూచినచో మొదటి మూడు పంక్తుల నిండ చుక్కలును, గుర్తు కుండలములును కానవచ్చును. అయినను అశోకుని లేఖలన్నింటిలో దీనికి గల ప్రఖ్యాతి మరి కొన్నింటికే కలదు. అవయవలోపము గల వస్తువునకు ఇంతటి విలువ యెట్లు వచ్చినది? ప్రాచీన లిఖితములలో లోపించిన భాగము విలువను ఏ మేరకు తగ్గించును, ఏ మేరకు తగ్గింపజాలదు? ఈ ప్రశ్నకు రాయచూరు మండలములోనే సమాధానము వెదకుటకు తగిన సామగ్రి యున్నది.

పాత వస్తువులకు వెలగట్టు విషయమున మిక్కిలి కచ్చితమైన నియమములను ఏర్పరచుకొన్నవారు శాసన పరిశోధకులు కారు. పాత బొమ్మల కథల పుస్తకములను, అనగా కామిక్సును, సేకరించువారు. ఈ మాట విని కొందరు పండితులు నవ్వవచ్చును గాని, వారి నియమములు తెలిసికొనదగినవి. అమెరికాలో 1970లో ఓవర్‌స్ట్రీట్ అను నతడు ఈ పుస్తకముల వెలల సూచి నొకదానిని ప్రకటించెను. 2000వ సంవత్సరమున సి.జి.సి. అను సంస్థ ఈ పుస్తకములను పరీక్షించి పదింటికి ఇన్ని మార్కులని వేసి, గాజువంటి ప్లాస్టిక్కు పెట్టెలో ఉంచి ముద్రవేయు పనికి పూనుకొన్నది. అచ్చుకూటమునుండి వచ్చినది వచ్చినట్లున్న ప్రతికి పది. అట్ట పోయిన ప్రతి ఆ కొలబద్దలో అట్టడుగునకు దిగిపోవును.

ఆ నియమములలో ముఖ్యమైన వివేకము ఒకటి యున్నది. ఊడిన భాగము వేరు, పోయిన భాగము వేరు. నడిమి కాగితము పిన్నులనుండి ఊడి విడిగా నున్నను, అది చేతిలో ఉన్నంతవరకు ఆ ప్రతి సంపూర్ణమే. మార్కు కొంత తగ్గును, అంతే. ఆ కాగితమే పోయినచో మిగిలినదెంత మెఱుగుగా నున్నను అది అసంపూర్ణ ప్రతి. మరియొకటి: లోపలి ప్రకటనలోని చీటీని పూర్వము పిల్లలు కత్తిరించి పంపెడివారు. చీటీ పోయినందుకు ఎవరును చింతింపరు గాని, ఆ కాగితపు రెండవ ప్రక్కనున్న కథ బొమ్మ కూడ దానితో పోవును, దోషమంతయు అక్కడనే. ఇక లోపించిన కాగితమునకు బదులుగా వేరొక ప్రతిలోని అదే కాగితమును తెచ్చి అతికిన పుస్తకమును వారు ‘పెండ్లియైన ప్రతి’ అందురు. అతుకు ఎంత నేర్పుగా జరిగినను ఆ సంగతి చీటీపై వ్రాసి తీరవలెను. చెప్పక అమ్ముట మోసము.

తెలుగువారికి ఇది దూరపు సంగతి కాదు. 1947 జూలైలో మదరాసునుండి వెలువడిన ‘చందమామ’ పాత సంచికలను వెదకువారందఱు ఎరిగినదే. పన్నెండు సంచికలను కలిపి కుట్టించునపుడు రంగుల అట్టలను తీసివేయుట పలుచోట్ల జరిగెడిది. కథలన్నియు దక్కినవి, అట్టబొమ్మలు పోయినవి. చదువువానికి అది నిండు పుస్తకము, సేకరించువానికి అవిటి పుస్తకము. అంతకు పూర్వము తాళపత్రములను పరిష్కరించిన మన పండితులు రంధ్రముల త్రాడు తెగి ఆకులు చెదరిన గ్రంథములతో నిత్యము పెనగులాడిరి. లోపించిన చోట ‘గ్రంథపాతము’ అని వ్రాసి ముందునకు పోవుట వారి మర్యాద. సి.పి. బ్రౌను (1798–1884) ఒక్కొక్క కావ్యమునకు పలు ప్రతులను కూర్చి, పండితులచే వానిని సరిపోల్చించి, ఒకదానిలోని కొఱతను మరియొకదానితో పూరించి శుద్ధప్రతులను వ్రాయించెను. ఇదియు ఒకవిధమున ప్రతులకు పెండ్లి చేయుటయే.

ఈ కొలబద్దను పట్టుకొని పూర్వపు రాయచూరు మండలములోని అశోకుని లేఖలవద్దకు పోవచ్చును. పూర్వపు మండలము అనుటకు కారణము కలదు: కొప్పళ సీమ 1997వ సంవత్సరమున వేరు జిల్లాయైనది. ఆ కొప్పళలో 1931లో ఎన్.బి. శాస్త్రియను స్థానికుడు రెండు లేఖలను కనుగొనెను. గవిమఠపు కొండపై ఒకటి, పల్కిగుండు అనుచోట ఒకటి. రెండు బండలపై మరియొక పెద్ద బండ పల్లకి కప్పువలె నిలిచియుండుటచేత దానికా పేరు వచ్చినది. ఈ రెంటిని ఆర్.ఎల్. టర్నర్ పండితుడు పరిష్కరింపగా 1932లో హైదరాబాదు పురావస్తుశాఖవారే ప్రకటించిరి. మస్కి, గవిమఠము, పల్కిగుండు: మూడింటియందును చెప్పబడినది ఒక్క సందేశమే. అశోకుడు తాను రెండున్నర సంవత్సరములకు పైగా ఉపాసకుడనై యుంటిననియు, సంఘమును చేరిన పిదప మిక్కిలి పట్టుదలతో ధర్మమును సాధించితిననియు, జంబూద్వీపమున దేవతలును మనుష్యులును కలిసిమెలిసి యుండునట్లయినదనియు, అధికులేగాక అల్పులును ధర్మమునకు పూనుకొన్నచో ఈ ఫలమును పొందగలరనియు దాని తాత్పర్యము. పరిశోధకులు దీనిని లఘు శిలాశాసనమని పిలిచెదరు.

ఒకే పుస్తకపు మూడు ప్రతులని తలచి వెలగట్టినచో గవిమఠపు ప్రతి మొదటిది. అక్షరములు స్పష్టములు, పంక్తులు నిండుగా నున్నవి. మస్కి ప్రతి నడిమిది. మొదటి పుట చిరిగినది. పల్కిగుండు ప్రతి చివరిది. ఎండవానలకు అరిగి అక్కడక్కడ ముక్కలు మాత్రము మిగిలినవి. కాని చరిత్రకారుని పట్టికలో ఈ వరుస తారుమారగును. గవిమఠపు నిండు లేఖలో ‘దేవానాంపియ’ అను బిరుదమే కలదు. మస్కి లేఖ మొదటి పంక్తిలో ‘దేవానాంపియస’ తరువాత ‘అసోకస’ అను మాట కలదు. ఈ నాలుగక్షరముల వలననే ఆ పెచ్చులూడిన గుండు నిండు గుండును మించినది.

ఆ నాలుగక్షరముల అవసరమేమో గ్రహించుటకు కొంచెము వెనుకకు పోవలసియుండును. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ ఢిల్లీ స్తంభములమీది బ్రాహ్మీలిపిని విప్పి చదివినపుడు అందులో కనబడిన రాజు పేరు దేవానాంపియ పియదసి. పురాణముల రాజవంశావళిలో ఆ పేరు లేదు. దేవానాంపియ తిస్సుడను సింహళరాజు ఉండుటచేత మొదట ఆ లేఖలు సింహళరాజువేమో యని ప్రిన్సెప్ భ్రమించెను. ఆ సంవత్సరమే సింహళములో కొలువుచేయుచుండిన జార్జి టర్నర్ పాళిభాషలోని దీపవంశమునుండి పియదస్సి యన్నది మౌర్యుడైన అశోకుని నామాంతరమని చూపెను. (ఈ టర్నరునకును కొప్పళ లేఖలను పరిష్కరించిన టర్నరునకును సంబంధము లేదు.) నాటినుండి డెబ్బదియెనిమిది సంవత్సరములు అశోకుని లేఖలను అశోకునివని చెప్పుటకు ఆధారము సముద్రమావల వ్రాయబడిన ఒక పుస్తకమే. ఎవరును దానిని అంతగా సందేహింపలేదు గాని, శిలపై సాక్ష్యము మాత్రము లేకుండెను. ఆ సాక్ష్యము రాయచూరు మండలములో లభించినది.

ఇచట ఒక చిన్న ఊహ చేయవచ్చును. మస్కి గుండుపై పెచ్చు మరి నాలుగంగుళములు ఇటు జరిగి యూడిపోయినచో ఏమగును? ‘అసోకస’ యను మాట పోయెడిది. పరిష్కర్తలు ఆ ఖాళీని ఎట్లు నింపెడివారు? వారి చేతిలో అప్పటికి రూపనాథము, సహస్రాము, బైరాటు, మైసూరు సీమలోని బ్రహ్మగిరి, సిద్దాపురము, జటింగ రామేశ్వరము ప్రతులున్నవి. వానిలో దేనియందును ఆ పేరు లేదు. కాబట్టి ఇతర ప్రతుల సాయముతో ఖాళీని పూరించినవాడు ఎంత పండితుడైనను అశోకుని పేరును అక్కడ వ్రాయజాలడు. పోయినదేమో ఎవరికిని తెలియకుండనే పోయియుండెడిది. బొమ్మల పుస్తకపు సేకరణకును శాసన పరిశోధనకును గల మౌలికమైన భేదము ఇక్కడనున్నది. అచ్చుపుస్తకమున వేయి ప్రతులును ఒక్కటే. ఒకదానిలో పోయిన పదునాలుగవ పుట ఎట్లుండెనో రెండవదానిని చూచి నిశ్చయముగా చెప్పవచ్చును. శిలాలేఖల ప్రతులు ఒకే మూలమునుండి పుట్టినను, ఊరూర చెక్కినవాడును చెక్కించినవాడును వేరు.

ఈ మాటకు మస్కి రెండవ పంక్తిలోనే మరియొక నిదర్శనము కలదు. తక్కిన ప్రతులలో రాజు తాను ‘ఉపాసకుడ’నని చెప్పుకొన్నచోట మస్కిలో ‘బుధసకే’ అని పాఠము. బుద్ధశాక్యుడు, అనగా బుద్ధుని యనుయాయి యని పండితులు దీనికి అర్థము చెప్పిరి. ఆ అక్షరములు కూడ పూర్తిగా నిలువలేదు, కొంత శిథిలమైనవి. కాని నిలిచినంతవరకు చూచినచో అది ఉపాసక శబ్దము కాదు. అవి మొత్తము చెరిగిపోయియున్నచో ప్రతి పరిష్కర్తయు నిస్సంకోచముగా ‘ఉపాసకే’ యని కుండలములలో వ్రాసి, అది సరియైన పూరణమేయని సంతృప్తి చెందియుండును. అతుకు అందముగా కుదిరియుండును; నిజము మాత్రము పోయియుండును.

నిజముగా లోపించిన చోటనైనను సూచనలు లేకపోలేదు. ‘అసోకస’ యన్నది షష్ఠీవిభక్తి. ‘అశోకుని’ అని యర్థము. అశోకుని ఏమి? ఆ ప్రశ్నకు ఉత్తరము చెప్పవలసిన మాట శిల పగిలినచోట నుండెనని మొదటి పరిష్కర్తలు భావించుట సమంజసమే. అశోకుని ఆజ్ఞాలేఖలు కొన్నింట ‘వచనేన’ యను మాట వచ్చుచుండుటచేత, ఇక్కడను అదియే యుండెనని ఊహింపబడినది: దేవానాంప్రియుడైన అశోకుని మాటచేత. వ్యాకరణము కుదిరినది, అర్థము కుదిరినది. కాని 1954లో మధ్యభారతమున దతియాకు సమీపమున గుజర్రా యనుచోట మరియొక ప్రతి బయటపడినది. దానిలో దేవానాంపియ, పియదసి, అశోకరాజు అను మూడును కలిసి ఒక్కచోటనే యున్నవి. టర్నరు 1837లో చెప్పిన మాటకు ఇంతకు మించిన రుజువు అక్కరలేదు. ఆ పేరు అక్కడను షష్ఠిలోనే నిలిచి, ‘వచనేన’ వంటి మాట ఏదియు లేకయే వెంటనే రెండున్నర సంవత్సరముల ప్రస్తావన వచ్చుచున్నది. అనగా మస్కిలోను ఆ మాట ఉండితీరవలెనను నిర్బంధము లేదు. నలువదేండ్లపాటు నమ్మకముగా నిలిచిన అతుకు ఒక్క క్రొత్త ప్రతితో సడలినది. చుక్కలను చుక్కలుగానే ఉంచినవాడు ఇట్టి సందర్భమున సిగ్గుపడవలసిన పని లేదు.

లోపమేదో, మొదటినుండి లేనిదేదో తెలిసికొనుట మరియొక చిక్కు. బి.ఎల్. రైస్ దొర 1892లో ప్రకటించిన బ్రహ్మగిరి లేఖ సువర్ణగిరియందలి ఆర్యపుత్రునియొక్కయు మహామాత్రులయొక్కయు మాటగా ఇసిలలోని మహామాత్రులకు వచ్చినట్లు ఒక ముఖవాక్యముతో ఆరంభమగుచున్నది. చివర తలిదండ్రులను, గురువులను సేవింపవలెనను భాగమును, పిదప చెక్కిన చపడుని పేరును కలవు. చపడుడు తన వృత్తినామమును మాత్రము వాయవ్యదేశపు ఖరోష్ఠీలిపిలో వ్రాసికొనెను. మస్కిలో ఈ మొదలును లేదు, ఈ తుదయు లేదు. అందుచేత మస్కి లేఖను తలయు తోకయు తెగినదిగా భావింపరాదు. గవిమఠపు నిండు ప్రతియందును ఆ ముఖవాక్యము లేదు కదా. పుస్తకములో అచ్చువేయనే వేయని పుటకు మార్కులు తగ్గింపరు. అయినను ఆ ముఖవాక్యము ఇచట లేకుండుటవలన ఒక చర్చ తేలకుండ మిగిలినది. దక్షిణాపథమున మౌర్యరాజప్రతినిధి నివసించిన సువర్ణగిరి యెక్కడ? మస్కియే యని కొందరు, కొప్పళ సీమలోని కనకగిరి యని కొందరు, కర్నూలు సీమలో ఎఱ్ఱగుడికి చేరువనున్న జొన్నగిరి యని కొందరు చెప్పిరి. మూడు సీమలలోను ప్రాచీనమైన బంగారు గనుల జాడలుండుటచేత పేరును బట్టి తేల్చుటకు వీలులేదు. మస్కి శిలపై ఆ ఒక్క వాక్యమే చెక్కబడియున్నచో ఈ వాదములలో కొన్ని పుట్టకయే పోయెడివి.

ఎఱ్ఱగుడి పేరు వచ్చినది గనుక తుంగభద్రకు దక్షిణమున నున్న తెలుగుసీమ ప్రతులను గూర్చి రెండు మాటలు చెప్పవలసియున్నది. గుత్తికిని పత్తికొండకును నడుమనున్న ఎఱ్ఱగుడి బండలమీది లేఖలను అనూఘోష్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు 1929లో వెల్లడించెను. అక్కడి లఘుశాసనమున కొన్ని పంక్తులు ఎడమనుండి కుడికిని, కొన్ని కుడినుండి ఎడమకును నడచినవి. ఎద్దు దున్నునట్లు మలపుచు వ్రాసిన ఈ వ్రాత మొదట చదివినవారిని ఎంతయో తికమక పెట్టినది. శిల చెడలేదు, క్రమమే చెడినది. దానికి కొలది దూరముననున్న రాజులమందగిరి లేఖ మాత్రము బాగుగా శిథిలమైనది. దానిలోని ఖాళీలు ఎఱ్ఱగుడి పాఠముతో పూరింపబడినవి. ఇరుగుపొరుగు ప్రతులు, పాఠమును దగ్గరగా సరిపోవుచున్నది. కనుక ఈ పెండ్లికి అభ్యంతరము తక్కువ. అచ్చులో కుండలములు ఉంచవలెనను నియమము మాత్రము అక్కడను తప్పదు.

రాయచూరునకు ఉత్తరమున, భీమానదీతీరమున కలబురగి జిల్లాలోని సన్నతి కథ వేరువిధమైనది. అక్కడ చంద్రలాంబాలయ ప్రాంగణములోని కాళికాలయపు కప్పు 1986లో కూలి, విగ్రహము భగ్నమైనది. విగ్రహమును నిలిపిన పీఠపుశిలను చూడగా దానికి రెండువైపుల అశోకుని శాసనములు కానవచ్చినవి. ఒకవైపున పండ్రెండవ, పదునాలుగవ శిలాశాసనములును, మరియొకవైపున కళింగదేశమున ధౌళి, జౌగడలయందు మాత్రమే అంతవరకు తెలిసిన ప్రత్యేక శాసనములును ఉన్నవి. విగ్రహపు కుదురు దిగుటకై ఎవరో ఆ పలక నడుమ రంధ్రము తొలిచిరి. రంధ్రము పడినంత మేర రెండుముఖముల అక్షరములును పోయినవి. చీటీ కత్తిరించిన పిల్లవానికి వెనుకనున్న బొమ్మ కానరానట్లే, ఆ శిల్పికిని ఆ గీతలు అక్షరములని తెలియలేదు. అతనిని నిందించుట న్యాయము కాదు. అతడు దానిని పీఠముగా వాడుకొనుటచేతనే ఆ శిల కప్పుక్రింద భద్రముగా నిలిచినదని కూడ ఒప్పుకొనవలెను. ఈ శిల తన మొదటి చోటునుండి ఊడివచ్చినది. తొమ్మిది శతాబ్దములకో, పది శతాబ్దములకో ముందు అది ఎక్కడ నిలిచియుండెనో, దాని ప్రక్కన మిగిలిన శాసనముల పలకలు ఎన్ని యుండెనో ఆ శిలనుండి తెలియదు. మస్కి గుండు పెచ్చులూడినను తన చోట నున్నది. అక్కడి మౌర్యాధికారపు ఉనికిని నిలిచినచోటనే చెప్పుచున్నది. ఊడిన భాగమునకు మార్కు కొంచెమే తగ్గించు సేకరణకర్తల నియమము ఇచట చెల్లదు. శాసనమున చోటు కూడ పాఠములో ఒక భాగము.

ఇంతవరకు చెప్పినవి శిలకు కలిగిన లోపములు. శిల చెక్కుచెదరక యుండియు లోపము కలిగిన సందర్భమొకటి రాయచూరు పట్టణములోనే కలదు. తెలుగువారు దీనిని తప్పక ఎరుగవలెను. రాయచూరు కోటగోడలో 41 అడుగుల 8 అంగుళముల పొడవు, మూడడుగుల వెడల్పు గల ఒక్క రాయి కలదు. దానిపై తెలుగు శాసనము చెక్కబడినది. శాసనమునకు ప్రక్కగా ఆ రాతిని పొడవైన బండిమీద ఎక్కించి, దున్నపోతులను కట్టి, జనులు చేరి తరలించుచున్న దృశ్యమును గీతలలో చిత్రించిరి. తన్ను తెచ్చిన విధమును తానే చూపు రాయి దక్షిణదేశమున మరియొకటి చూపుట కష్టము. శాసనకాలము శకవర్షము 1216, అనగా 1294. కాకతీయ ప్రతాపరుద్రుని సామంతుడైన గోన విఠలుడు ఆదవాని, తుంబళము, మానువ, హాలువ కోటలను గెలిచి రాయచూరు ప్రవేశించి, ఆ పురజనుల రక్షణకై ఈ దుర్గమును కట్టించెనని దానివలన తెలియుచున్నది. మానువ యనగా నేటి మాన్వి.

ఈ స్పష్టమైన సంగతి అనేక ఆంగ్ల గ్రంథములలోను, వానినుండి ఎత్తివ్రాసిన యాత్రిక పుస్తకములలోను చేరినప్పుడు ఏమైనది? ‘గోరె గంగయ్య రుద్దివారు’ అను నతడు రుద్రమదేవి మంత్రియై ఈ కోటను కట్టించెనని వ్రాసిరి. గోరె వంశమనునది కాకతీయ చరిత్రలో లేదు, రుద్దివారును లేరు. గోన గన్నయ రెడ్డివారు అను తెలుగు పేరు, తెలుగు రానివాని చెవినుండి ఉర్దూ లిపికో ఆంగ్ల లిపికో ఎక్కి, మరల దిగినపుడు ఈ రూపము దాల్చినదని గ్రహించుట కష్టము కాదు. అడవి బాపిరాజుగారి నవలను చదివిన తెలుగు పాఠకునకు గోన గన్నారెడ్డి ఇంటివాడు. రుద్దివారును చూచి అతడు గుర్తుపట్టజాలడు. మంత్రిత్వపు మాటయు నిలువదు. నల్లగొండ సీమలోని చందుపట్ల శాసనము రుద్రమదేవి 1289 నవంబరు నాటికి మరణించెనని తెలుపుచున్నది. ఆ శాసనమును పువ్వుల ముమ్మడి యను భటుడు ఆమె పుణ్యమునకై చేసిన దానమును గూర్చి వ్రాయించెను. 1294లో ఆమెకు మంత్రి యుండుట పొసగదు. ఇక్కడ శిలపై ఒక్క అక్షరము పోలేదు. పోయినది కాగితముమీద. పదింటికి పది మార్కులు రావలసిన ప్రతిని, దానిని చూడకయే వర్ణించినవారు అడుగునకు దించిరి. ఒక పట్టణపు కోటను కట్టినవాని పేరు ఆ పట్టణమువారికే తప్పుగా తెలియుటకంటె పెద్ద లోపము పెచ్చులూడిన శిలకు ఏమి గలదు?

దీనికి నివారణము పాతపద్ధతియే. నీటిలో తడిపిన కాగితమును శిలపై పరచి, పందివెంట్రుకల కుంచెతో మెల్లగా మోదగా కాగితము అక్షరముల గుంతలలోనికి దిగును. ఆరిన పిమ్మట పైన మసిసిరాను అద్దినచో పలక నల్లబడి, అక్షరములు తెల్లగా నిలుచును. శిలను చదువుటకు ఇంతకంటె నమ్మదగిన సాక్షి చిరకాలము లేకుండెను. నేటి ఛాయాచిత్రములు పక్కవెలుతురులో తీసినచో ఆ పనిని కొంతవరకు చేయుచున్నవి. ఏనాటి ప్రతి యైనను ఒకసారి తీసియున్నచో, పిదప శిల చెడినను అంతవరకు ఏమున్నదో నిలిచియుండును. 1915లో మస్కి గుండుపై అద్దిన కాగితములవలననే ఆ నాటి పెచ్చులకును తరువాతి పెచ్చులకును భేదము చెప్పుటకు వీలగుచున్నది.

మస్కి లేఖకు గల ఏకైకత 1954లో గుజర్రాతో పోయినది. 1977–78లో బళ్లారి జిల్లాలో, తుంగభద్రకు ఆవలియొడ్డున నిట్టూరు, ఉదేగోళము అను గ్రామములలో మరి రెండు ప్రతులు దొరికినవి. వానియందును అశోకుని పేరు కలదు. సేకరణకర్తల లెక్కలో మరియొక ప్రతి బయటపడినకొలది మొదటిదాని వెల తగ్గవలెను. మస్కికి అట్లు జరుగలేదు. నదికి ఈవల ఒకటి, ఆవల రెండు ప్రతులలో రాజు పేరు చెక్కబడి, కొప్పళ ప్రతిలో చెక్కబడకుండుట యేల యను క్రొత్త ప్రశ్న పుట్టినది. పంపిన మూలములలోనే ఆ పేరు కొన్నింట నుండి కొన్నింట లేకుండెనా, లేక చెక్కించిన అధికారి ఇష్టమా? మస్కి మొదటి పంక్తిలో ‘అసోకస’ తరువాత నున్న ఖాళీ ఈ ప్రశ్నకు కూడ సంబంధించినదే. మంచి ప్రకటనలలో ఆ చోట నేటికిని చుక్కలే ఉన్నవి.